లోన్ తీరని సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? డబ్బు ముందు ఎవరికి కట్టాలి?

కారు నచ్చింది. మెకానిక్ కూడా చూసి సరే అన్నాడు. రేటు కుదిరింది. తీరా ఆర్‌సీ చేతిలోకి తీసుకుని చూస్తే ఓనర్ పేరుతో పాటు ఒక బ్యాంకు పేరు కూడా ఉంది. అడిగితే, "ఫైనాన్స్ కొంచెమే ఉందన్నా, రెండేళ్ల కిస్తులు మిగిలినయి. నువ్వు కట్టుకో, క్లియర్ అయినంక నీ పేరు మీద చేయిస్తా" అంటారు.

సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఈ మాట కొత్తది కాదు. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఉద్యోగం మారినా, వేరే ఊరికి వెళ్లాల్సి వచ్చినా లోన్ మధ్యలోనే కారు అమ్మేస్తుంటారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లో ఉంటూ షిఫ్టు డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లకు, షోరూమ్ రేటు పెట్టలేనివాళ్లకు అలాంటి కారే అందుబాటు ధరలో కనిపిస్తుంది.

మరి కొనొచ్చా? కొనొచ్చు. లోన్ ఉన్న కారు కొనడం నేరమేమీ కాదు. అయితే డబ్బు ఏ దారిలో వెళ్తుంది, ఏ కాగితం ఎప్పుడు మీ చేతికి వస్తుంది అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే అర్థం ఏమిటి?

లోన్ తీసుకుని కారు కొన్నప్పుడు ఆర్‌సీలో హైపోథికేషన్ నమోదు చేస్తారు. ఆర్‌టీఏ ఆఫీసులో దీన్నే హెచ్‌పీ అంటారు. కారు ఓనర్ దగ్గరే ఉంటుంది, ఓనరే నడుపుకుంటారు. కానీ అప్పు తీరేదాకా దాని మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 51 ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది. ఆర్‌సీలో పేరున్న ఫైనాన్సర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆ బండి యాజమాన్యం మార్పును ఆర్‌సీలో నమోదు చేయరు. అంటే మీరిద్దరూ ఎంత గట్టిగా రాసుకున్నా, బ్యాంకు కాగితం లేనిదే ఆర్‌టీఏలో పని జరగదు. కిస్తులు ఆగిపోతే, ఒప్పందంలోని షరతుల ప్రకారం కారును స్వాధీనం చేసుకుని కొత్త ఆర్‌సీ తన పేరు మీద తెచ్చుకునే అవకాశం కూడా ఇదే సెక్షన్ ఫైనాన్సర్‌కు ఇస్తోంది. ఆ రోజు కారు ఎవరి ఇంటి ముందు ఉందన్నది బ్యాంకుకు పట్టదు.

'కిస్తులు నువ్వు కట్టుకో' అంటే ఒప్పుకోవచ్చా?

వద్దు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి.

వంద రూపాయల బాండ్ పేపర్ మీద అగ్రిమెంటు రాసుకుని, నోటరీ చేయించి, అడ్వాన్సుగా లక్షో రెండు లక్షలో ఇచ్చి, నెలనెలా కిస్తు డబ్బు అమ్మినవాళ్ల అకౌంట్‌లో వేయడం చాలాచోట్ల నడుస్తోంది. కొందరికి ఏ గొడవా లేకుండా గడిచిపోతుంది కూడా. కానీ ఎక్కడ తేడా వచ్చినా నష్టపోయేది మొదట మీరే. మీరు వేసిన కిస్తు డబ్బును అమ్మినవాళ్లు ఇంకో అవసరానికి వాడేస్తే? అదే అకౌంట్ నుంచి వేరే అప్పు కిస్తు ముందుగా కట్ అయిపోతే? రెండు మూడు నెలలు బాకీ పడ్డాక బ్యాంకు మనుషులు బండి కోసం వస్తారు. మీ దగ్గరున్న నోటరీ కాగితం మీ ఇద్దరి మధ్య రాసుకున్నది. దానిలో బ్యాంకు పార్టీ కాదు. ఆ కాగితంతో అమ్మినవాళ్ల మీద కేసు వేయొచ్చు గానీ కారును ఆపలేరు.

అమ్మేవాళ్లకూ ఇది మంచిది కాదు. లోన్ వాళ్ల పేరు మీదే ఉంటుంది కాబట్టి మీరు ఒక నెల ఆలస్యం చేస్తే పడిపోయేది వాళ్ల సిబిల్ స్కోరు. అంతకంటే పెద్ద సమస్య ప్రమాదం. ముంబై హైవే మీద ఆ కారు ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ ముందుగా చూసేది రిజిస్టర్డ్ ఓనర్ ఎవరన్నదే. చాలా చేతులు మారిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్రమాదం నాటికి రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరుందో వాళ్లే చట్టం దృష్టిలో ఓనర్ అని, ఎప్పుడో అమ్మేశామన్నంత మాత్రాన బాధ్యత తప్పదని తేల్చింది.

బేరానికి ముందు ఏం చూడాలి?

ఆర్‌సీ కార్డు ఒక్కటే చూసి ఊరుకోకండి. తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బండి నంబరుతో వివరాలు చూసి, కార్డు మీదున్న దానితో పోల్చుకోండి. కార్డు మీద ఫైనాన్సర్ పేరు లేకపోయినా రికార్డులో ఉందంటే మీ చేతిలోది పాత కార్డో, అసలు సరైన కార్డే కాదో తేల్చుకోవాలి. బండి మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కూడా సరిచూడండి. పోలీసు ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ ఎంత ఉందో చూసి, దాన్ని రేటులోంచి తీసేయించండి.

ఆ తర్వాత అమ్మేవాళ్లను లోన్ స్టేట్‌మెంట్ అడగండి. ఇవ్వడానికి మొహమాటపడితే అక్కడే ఆగిపోవడం మేలు. స్టేట్‌మెంట్‌లో రెండు విషయాలు వెతకాలి. ఒకటి, ఈఎంఐలు బౌన్స్ అయ్యాయా, పెనాల్టీలు పడ్డాయా. రెండోది, ఇదే కారు మీద తర్వాత టాప్-అప్ లోన్ ఏదైనా తీసుకున్నారా. కారు లోన్ తీరిపోయినా టాప్-అప్ బాకీ ఉంటే ఎన్‌ఓసీ రాదు. అదే బ్యాంకులో వాళ్లకు వేరే లోన్ బాకీ పడి ఉన్నా ఎన్‌ఓసీ ఆపేసే సందర్భాలున్నాయి. కాబట్టి ఈ లోన్ ఒక్కటే కాదు, ఆ బ్యాంకులో ఇంకేమైనా ఉన్నాయా అని సూటిగా అడగాలి.

ఆర్‌సీలో ఏ బ్యాంకు పేరూ లేకపోయినా ఒరిజినల్ ఆర్‌సీ మాత్రం వాళ్ల దగ్గర లేదంటారా? ప్రైవేటు ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఆర్‌సీ, రెండో తాళం, సంతకం చేసిన ఖాళీ ఫారాలు తాకట్టు పెట్టి చేతి అప్పు తీసుకునేవాళ్లు ఉంటారు. అది ఏ రికార్డులోనూ కనబడదు. ఆర్‌సీ, రెండు తాళాలు కళ్లతో చూడకుండా టోకెన్ ఇవ్వకండి.

ఎంత బాకీ ఉందో ఎవరు చెప్పాలి?

అమ్మేవాళ్లు నోటితో చెప్పే లెక్క వద్దు. మిగిలిన ఈఎంఐలను కూడితే వచ్చే మొత్తమూ సరైనది కాదు. అందులో ఇంకా పడని వడ్డీ కూడా కలిసి ఉంటుంది. మీకు కావాల్సింది బ్యాంకు ఇచ్చే ఫోర్‌క్లోజర్ లెటర్. ఈ రోజు లోన్ మూసేయాలంటే అసలు ఎంత, ఈ రోజు వరకు వడ్డీ ఎంత, ముందుగా తీర్చినందుకు ఛార్జీ ఎంత, ఇతర బాకీలు ఏమిటి అని అందులో ఉంటుంది. ఏ తేదీ వరకు ఆ లెక్క చెల్లుతుందో కూడా రాస్తారు. తేదీ దాటితే రోజువారీ వడ్డీ కలుస్తుంది. వంద రూపాయలు తక్కువ కట్టినా లోన్ మూతపడదు.

కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీకి ఇస్తారు కాబట్టి ముందుగా తీర్చితే ఛార్జీ పడే అవకాశం ఎక్కువ. ఎంతన్నది వాళ్ల లోన్ అగ్రిమెంట్‌లో ఉంటుంది. ఈ ఛార్జీ ఎవరు భరించాలన్నది రేటు మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. చాలా బేరాలు ఆఖరి రోజు బ్యాంకు కౌంటర్ దగ్గర చెడేది దీని మీదే.

డబ్బు ఎలా కట్టాలి?

అన్నిటికన్నా ప్రశాంతమైన దారి, అమ్మేవాళ్లే సొంత డబ్బుతో లోన్ తీర్చేసి, హెచ్‌పీ తీయించి, శుభ్రమైన ఆర్‌సీతో కారు అమ్మడం. కానీ అంత డబ్బు చేతిలో ఉంటే చాలామంది అప్పుడే తీర్చేసి ఉండేవాళ్లు. కాబట్టి ఆచరణలో మీ డబ్బుతోనే లోన్ తీరాలి.

ఒక లెక్క చూద్దాం. మీది ఇస్మాయిల్‌ఖాన్‌పేట, అమ్మేవాళ్లు పటాన్‌చెరులో ఉంటున్నారు. కారు రేటు రూ.5,25,000 అనుకున్నారు. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో మొత్తం రూ.2,38,600 ఉంది. టోకెన్‌గా రూ.10,000 ఇచ్చారు. ఇప్పుడు ఆ రూ.2,38,600ను అమ్మేవాళ్ల సేవింగ్స్ అకౌంట్‌లో వేయకండి. ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లండి. మీ అకౌంట్ నుంచి నేరుగా లోన్ అకౌంట్‌కు కట్టండి, లేదా బ్యాంకు పేరు మీద, లోన్ అకౌంట్ నంబరు రాయించి డీడీ తీయండి. మూడో వ్యక్తి అకౌంట్ నుంచి వచ్చే డబ్బు విషయంలో కొన్ని సంస్థలు ప్రశ్నలు వేస్తాయి. అందుకే ఎలా కడితే తీసుకుంటారో ముందురోజే అడిగి ఉంచుకోవాలి. కట్టిన రసీదు, యూటీఆర్ నంబరు మీ దగ్గర పెట్టుకోండి.

మిగిలింది రూ.2,76,400. ఇదంతా ఆ రోజే ఇచ్చేయకండి. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చి, ఆర్‌టీఏ ఫారాల మీద అమ్మేవాళ్ల సంతకాలు అయ్యాక రూ.2 లక్షలు, ఆర్‌సీ మీ పేరు మీదకు మారాక రూ.76,400 అని మాట్లాడుకోవచ్చు. అంకెలు మీ ఇష్టం. చివరి వాయిదా మాత్రం మరీ చిన్నదిగా ఉండకూడదు. ఐదు వేలే మిగిలి ఉంటే ఆర్‌టీఏకి రావడానికి సెలవు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

నగదు సంగతి కూడా చూసుకోండి. ఒక లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. పైగా నగదు ఇస్తే మీ దగ్గర రుజువేమీ మిగలదు.

కొన్నిసార్లు కారు రేటు కంటే బాకీయే ఎక్కువ ఉంటుంది. అప్పుడు ఆ తేడాను అమ్మేవాళ్లు మీకంటే ముందు లోన్ అకౌంట్‌లో కట్టాలి. వాళ్లు కట్టిన రసీదు చూశాకే మీరు కట్టండి.

మీరూ లోన్ మీదే కొంటుంటే పని కొంత సులువవుతుంది. సెకండ్ హ్యాండ్ కారు లోన్ ఇచ్చే బ్యాంకు పాత బ్యాంకు బాకీని నేరుగా కట్టి, మిగిలినది అమ్మేవాళ్లకు ఇచ్చే ఏర్పాటు చేస్తుంది. కాగితాలు వెంటపడి తెచ్చుకునే బాధ్యత దానికీ ఉంటుంది. వడ్డీ మాత్రం సాధారణంగా కొత్త కారు లోన్ కంటే ఎక్కువే. పాత లోన్‌నే మీ పేరు మీదకు మార్చే పద్ధతీ కొన్ని సంస్థల్లో ఉంది. దానికి మీ ఆదాయం, సిబిల్ చూసి కొత్తగా అగ్రిమెంటు రాయించుకుంటారు. అది బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒప్పుకోలుతో జరగాలి. ఏజెంటు ఫోన్‌లో "ట్రాన్స్‌ఫర్ అయిపోతది" అంటే అది లెక్కలోకి రాదు.

లోన్ కట్టాక ఎన్‌ఓసీ వచ్చేదాకా ఏం చేయాలి?

ఈ కొద్ది రోజులే మీకు అసలైన రిస్క్. మీ డబ్బుతో వేరేవాళ్ల అప్పు తీరిపోయింది, కారు ఇంకా వాళ్ల పేరు మీదే ఉంది. ఈలోపు వాళ్ల మనసు మారొచ్చు, ఇంకొకరు ఎక్కువ రేటు ఇస్తామనొచ్చు.

రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వ్యక్తిగత లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు ఒరిజినల్ పత్రాలు ఇచ్చేసి, రిజిస్టర్లలో ఉన్న ఛార్జిని తొలగించాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున లోన్ తీసుకున్నవాళ్లకు పరిహారం ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. సొంత వాడకానికి తీసుకున్న కారు లోన్లు ఇందులోకి వస్తాయి, టాక్సీ లాంటి వాణిజ్య వాహనాల లోన్లు రావు. ఆ పరిహారం మాత్రం మీకు కాదు, అమ్మినవాళ్లకు వస్తుంది. బ్యాంకు దృష్టిలో కస్టమర్ వాళ్లే. ఫిర్యాదు చేయాలన్నా వాళ్లే చేయాలి. ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది.

అందుకే లోన్ అకౌంట్‌లో డబ్బు వేయకముందే అగ్రిమెంటు రాసుకోండి. నోటరీ కాగితానికి ఇక్కడ నిజంగా పని ఉంది. అది యాజమాన్యం మార్చదు గానీ, ఎవరి డబ్బుతో ఏ లోన్ తీరిందో చెప్పే రుజువుగా నిలుస్తుంది. బండి నంబరు, ఛాసిస్ నంబరు, లోన్ అకౌంట్ నంబరు, కట్టిన మొత్తం, మిగిలిన వాయిదాలు, ఎన్‌ఓసీ ఎన్ని రోజుల్లో తెచ్చివ్వాలి, బేరం చెడితే ఎంత, ఎప్పటిలోగా వాపసు ఇవ్వాలి అన్నవన్నీ రాయండి.

మరి కారు ఎవరి దగ్గర ఉండాలి? కొనేవాళ్లు సహజంగా వెంటనే తెచ్చేసుకుందామనుకుంటారు. భవానీమాత గుడి దగ్గర పూజ చేయించి బండి తిప్పాలన్న తొందర అర్థం చేసుకోదగ్గదే. అయినా ఆ కొన్నాళ్లు కారును వాళ్ల దగ్గరే ఉండనిచ్చి, ఒరిజినల్ ఆర్‌సీ, రెండో తాళం మీ దగ్గర పెట్టుకోవడం ఇద్దరికీ మంచిది. వాళ్లు రోడ్డు మీద చూపించడానికి డిజిలాకర్‌లోని ఆర్‌సీ సరిపోతుంది. బండి మీ దగ్గరికి వచ్చాక జరిగే ప్రమాదం వాళ్ల మెడకు చుట్టుకోవచ్చు, బండికి జరిగే నష్టం మీ మీద పడొచ్చు.

ఆర్‌టీఏలో ఏ ఫారాలు?

ఫారం 35 లోన్ తీరిందని ఓనర్, ఫైనాన్సర్ ఇద్దరూ సంతకం చేసి ఇచ్చేది. దీంతోనే హెచ్‌పీ తొలగుతుంది. ఫారం 29 కారు అమ్మానని అమ్మినవాళ్లు ఇచ్చే సమాచారం. ఫారం 30 యాజమాన్యం మార్చమని అడిగే దరఖాస్తు. మీరు కొత్త లోన్ తీసుకుంటే ఆ బ్యాంకు పేరు ఎక్కించడానికి ఫారం 34. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి, స్లాట్ తీసుకుని ఆఫీసుకు వెళ్లాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అమల్లో ఉండాలి.

బ్యాంకు ఎన్‌ఓసీ మీద చెల్లుబాటు తేదీ చూడండి. సాధారణంగా మూడు నెలలే ఉంటుంది. దాచిపెట్టుకుని ఆరు నెలల తర్వాత తీస్తే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి, అదీ అమ్మినవాళ్లే తిరగాలి.

ఎన్‌ఓసీ అనే పేరుతో ఇంకో కాగితం కూడా ఉంది. బండి వేరే రాష్ట్రంలో రిజిస్టర్ అయితే, జహీరాబాద్ దాటి కర్ణాటక నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చినదైతే, అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి. అది బ్యాంకు ఎన్‌ఓసీ కాదు. రెండూ వేర్వేరు. దానికి తోడు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి కాబట్టి చవకగా వచ్చిందనుకున్న బండి చవక కాకుండా పోవచ్చు.

అమ్మినవాళ్లకు ఒక సూచన. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. కొనేవారి పేరు, బండి నంబరు, తేదీ నింపాకే పెట్టండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోగా ఆర్‌టీఏకి తెలపాల్సిన బాధ్యత సెక్షన్ 50 కింద మీది. 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాల్సినది కొన్నవాళ్లు. కన్సల్టెన్సీ ద్వారా అమ్ముతుంటే వాళ్లు రవాణా శాఖ దగ్గర నమోదైన డీలరో కాదో అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లకు అధికారిక గుర్తింపు, తీసుకున్న బండి సమాచారాన్ని ఆర్‌టీఏకి చేరవేసే బాధ్యత ఉన్నాయి.

ఆర్‌సీ మారాక ఇన్సూరెన్స్ దానంతటదే మారుతుందా?

మారదు. థర్డ్ పార్టీ కవర్ సెక్షన్ 157 ప్రకారం కారుతో పాటు మీకు వచ్చినట్టే లెక్క. కానీ మీ బండికి జరిగే సొంత నష్టానికి పాలసీ మీ పేరు మీదకు మారాలి. దీనికి 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాళ్లది, బండిది కాదు. ఆ తేడా మొత్తం మీరు కట్టాల్సి ఉంటుంది.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది. పాలసీ కాగితంలో కూడా పాత బ్యాంకు పేరు ఉంటుంది. ఆర్‌సీలో హెచ్‌పీ తీసేసినా అక్కడ అలాగే ఉండిపోతుంది. రేపు కారు పూర్తిగా దెబ్బతిన్నా, దొంగతనమైనా క్లెయిమ్ డబ్బు దగ్గర ఈ పేరు అడ్డొస్తుంది. పేరు మార్పుతో పాటు దాన్నీ తీయించండి.

ఫాస్టాగ్ అమ్మినవాళ్ల అకౌంట్‌కు ముడిపడి ఉంటుంది. వాళ్లు పాతది క్లోజ్ చేయాలి, మీరు కొత్త ఆర్‌సీతో కొత్తది తీసుకోవాలి. ఆర్‌సీ కొత్త కార్డు వచ్చాక అందులో ఓనర్‌గా మీ పేరు, ఫైనాన్సర్ వివరాల్లో ఖాళీ ఉన్నాయో లేదో చూసుకున్న తర్వాతే ఆ చివరి రూ.76,400 పంపండి.